రెండు బారల నీళ్లు

27 జనవరి 1992. పారిత్ జావా

సెలవు మూడు వారాలు దొరికింది. పుస్తకం పని అని ఎడిటర్‌కు చెప్పాను. నిజానికి పుస్తకమేమీ కాదు, నలభై పేజీల పొత్తం. సెరి కెసాంగ్ ఓడ సేవా చరిత్ర, 1926 నుంచి 1942 వరకు. నావికుల సంఘం రాయమంది. ఫిబ్రవరి 14కి ఓడ పోయి యాభై ఏళ్లు. ఆ రోజు మువార్‌లో నది ఒడ్డున చనిపోయినవాళ్ల పేర్లతో ఇత్తడి పలక పెడతారు. ముసుగు తీసేది నాన్న. బతికి బయటపడ్డ పదకొండు మందిలో ఇప్పుడు మిగిలింది ఆయన ఒక్కడే.

నాన్న ఇంటి వెనక గదిలో టైపు మిషన్ పెట్టుకున్నాను. ఇవాళ తేలినవి: ఓడను 1926లో హాంకాంగ్‌లో కట్టారు. 640 టన్నులు. నిండు బరువుతో నీటిలోకి పదకొండు అడుగులు దిగుతుంది. పదమూడేళ్లు సింగపూర్, మువార్, మలాకా మధ్య ఎండుకొబ్బరి, అనాస డబ్బాలు, మేకలు, పెళ్లివాళ్లను మోసింది. 1939 సెప్టెంబరులో నౌకాదళం తీసుకుంది. బూడిదరంగు వేసి, ముందు డెక్ మీద ఫిరంగి బిగించి, సహాయక నౌక అంది. సిబ్బందిని మార్చలేదు, టోపీలు మార్చింది.

ఆఖరి పేరా చిత్తు:

«14 ఫిబ్రవరి 1942, తెల్లవారుజాము 4.10. జపాన్ సేనలు చుట్టుముట్టిన సింగపూర్ నుంచి దక్షిణంగా పోతూ బెటింగ్ పారి ఇసుకదిబ్బ ఎక్కి ఆగిపోయింది. కారణం: దారి చూపే మలిమ్ పొరపాటు అని కెప్టెన్ నివేదిక. ఉదయం 8.40కి విమానాలు వచ్చాయి. మృతులు 43. బతికినవారు 11.»

నాన్న వెనక నుంచి వచ్చి చదివాడు. “బాగుంది” అన్నాడు. ఆయన చేపల కత్తి నూరుకోవడానికి వెళ్లాడు. నేను కొత్త కాగితం ఎక్కించాను.

29 జనవరి

చిక్గూ కంసియా వచ్చింది. బడి నుంచి రిటైరై మూడేళ్లయినా ఊరంతా ఇంకా చిక్గూ, అంటే టీచరు అనే పిలుస్తుంది. మలిమ్ ఇద్రుస్ కూతురు. తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్లు. సంఘం కార్యదర్శి రామ్లాన్ అప్పటికే వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూసి కూడా ఆమె చెప్పులు విప్పి లోపలికే వచ్చింది.

“బియా, నలభై మూడు మంది పోయారని నువ్వే రాస్తున్నావు. పలక మీద నలభై రెండు పేర్లేంటమ్మా? మూడో తరగతి పిల్లాడు కూడా తీసివేత చేస్తాడు.”

రామ్లాన్ సర్దుకుని కూర్చున్నాడు. “నన్నంటారేంటి చిక్గూ. కమిటీ మాట అది. ముంచినోడి పేరూ మునిగినోళ్ల పేర్లూ ఒకే రేకు మీద ఎలా వేస్తారని మిగతా ఇళ్లవాళ్లు అడుగుతున్నారు.”

“మా నాన్న జపానోళ్లకి అమ్ముడుపోయాడనా?”

“నేనా మాట అన్లేదు.”

“బళ్లో నన్నేమని పిలిచేవారో తెలుసా రామ్లాన్?”

“తెలుసు.”

“ఎందుకు తెలీదు. పిలిచినోళ్లలో నువ్వొకడివి. ‘ఓడ ముంచినోడి కూతురా, ఇసక తింటావా’ అని. పాట కట్టింది కూడా నువ్వే.”

రామ్లాన్‌కు అరవై దాటాయి. తల దించుకుని కప్పు చూసుకున్నాడు. చివరికి ఒక దారి చెప్పాడు. పలకను పదకొండో తేదీన పోత పోస్తారు. ఈలోపు మలిమ్ తప్పు లేదని చెప్పే కాగితం ఒక్కటి చూపిస్తే, నలభై మూడో పేరు ఆయనే చేతులారా చేరుస్తాడు. “ఒక్కటి చాలు. బియా విలేకరి కదా. వెతకనీ.”

వెళ్తూ చిక్గూ వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. నాన్న లోపల ఉన్నాడు.

“పాక్ జిదిన్, అందరూ మా గడప తొక్కడం మానేసినా మీరొక్కరే వచ్చేవారు. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది.”

“టీ చల్లారిపోతోంది చిక్గూ” అన్నాడు నాన్న.

31 జనవరి

నౌకాదళం కాగితాల నకళ్లు మొత్తం చదివాను. మలిమ్ అమ్ముడుపోయాడనడానికి ఆధారం లేదు. పోలేదనడానికీ లేదు. 1946 విచారణలో నాన్న వాంగ్మూలం నాలుగు వాక్యాలు. “లోతు చూసే పని నాది. రెండు బారలని చెప్పాను. మలిమ్ ముందుకే పొమ్మన్నాడు. ఓడ ఆగిపోయింది.”

రెండు బారలు అంటే పన్నెండు అడుగులు. ఓడకు కావాల్సింది పదకొండు. అడుగు నీళ్లు మిగలాలి. మలిమ్ మలుపు ఆలస్యంగా తిప్పి ఉండాలి, లేదా వేరేచోటికి తిప్పి ఉండాలి. మరో దారి కనిపించడం లేదు.

2 ఫిబ్రవరి

పలక పక్కన అద్దాల పెట్టెలో పెట్టడానికి తాడు అడిగారు. మా ముందు గదిలో గోడకు వేలాడే తాడు. నాన్న లోతు చూసిన తాడు అదే. ఆ ఉదయం ఓడకూ పైకి తేలిన ఇసుకకూ మధ్య ముప్ఫై గజాల పాయ ఉరుకుతుంటే, ఈ తాడు కొస నడుముకు కట్టుకుని నాన్న ఈదాడు. పదిమంది దాన్ని పట్టుకుని వచ్చారు. ప్రతి పండక్కీ వాళ్ల పిల్లలు వచ్చి తాడును తాకి, నాన్న చెయ్యి కళ్లకద్దుకుని వెళ్తారు. నా పెళ్లికి పెద్ద కానుకలు తెచ్చింది వాళ్లే.

పెట్టెలో పెట్టే చీటీకి వివరాలు కావాలి. తాడు దించి, అమ్మ కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి కొలిచాను. జనపనార తాడు. చివర సీసపు గుండు. రెండు బారల దగ్గర రెండు తోలు ముక్కలు, మూడింటి దగ్గర మూడు, అయిదు దగ్గర తెల్ల గుడ్డ, ఏడు దగ్గర ఎర్ర గుడ్డ.

రెండుకూ మూడుకూ మధ్య: అయిదడుగుల నాలుగు అంగుళాలు.

తప్పు కొలిచాను. మళ్లీ కొలిచాను. అయిదడుగుల నాలుగు.

గుండు నుంచి రెండు తోలు ముక్కల దాకా: పది అడుగుల ఎనిమిది.

తాడు కుంచించుకుపోయి ఉంటుంది. యాభై ఏళ్లు గోడకు వేలాడింది.

4 ఫిబ్రవరి

చైనావాళ్ల కొత్త సంవత్సరం. బజారు వైపు పొద్దుటి నుంచీ టపాకాయలు.

తాడును ఉప్పునీళ్ల తొట్టెలో నానబెట్టాను. సముద్రంలో వాడేది తడిసే కదా, తడిస్తే సాగి సరైన కొలతకు వస్తుందని. సాయంత్రం తీసి కొలిచాను. అయిదడుగుల మూడున్నర. తగ్గింది.

నాన్న పెరట్లోకి వచ్చి ఆరేసిన తాడు చూశాడు.

“తడిపావా?”

“దుమ్ము పట్టింది నాన్నా.”

“ఊఁ.”

తాడు నేలకు తగులుతుంటే ఎత్తి దండెం మీద సర్దాడు.

5 ఫిబ్రవరి

రామ్లాన్ ముప్ఫై ఏళ్లు రేవులో పనిచేశాడు. మాటల్లో పెట్టి అడిగాను. ఎవరి తాడో చెప్పలేదు.

“తాడు కుంచించుకుపోతుందా ఎన్‌చిక్ రామ్లాన్?”

“పోతుంది. ఎంత పోతుందేం. బారకి రెండంగుళాలు, మహా అయితే మూడు. అందుకే తడిపి సాగదీసి గుర్తులు కడతారు.”

“ఎనిమిది?”

“ఎనిమిదా? అది తాడు కాదమ్మా, నా పెన్షన్.” తనే నవ్వాడు. తర్వాత, “ఎనిమిది తగ్గిందంటే కట్టినోడు పొట్టోడై ఉంటాడు” అన్నాడు.

నాకు అర్థం కాలేదన్నాను. ఆయన లేచి రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు. చేపల పడవల్లో బార అంటే ఇదే. ఎవడి చేతులు వాడివి. పడవలో అందరూ ఒకే తాడు, ఒకే మనిషి చేతులు, ఏ గొడవా లేదు. నేవీ బార వేరు. దొర పొడుగైనా పొట్టైనా అది ఆరడుగులు. అందుకే పెద్ద ఓడల్లో ముందు డెక్ చెక్కల మీద ఆరడుగులకొక ఇత్తడి మేకు కొడతారు. తాడును దాని మీద పరిచి గుర్తులు కడతారు.

“మేకులు కనబడకపోతే?”

“ఎందుకు కనబడవ్? డెక్ మీద ఎవడైనా ఇల్లు కడతాడా?”

ఇల్లు కాదు. 1939 అక్టోబరు, మరమ్మతుల జాబితా, మూడో వరుస: ముందు డెక్ మీద ఫిరంగికి ఆరంగుళాల కాంక్రీటు దిమ్మ. నేనే టైపు చేశాను. తొమ్మిదో పేజీ.

6 ఫిబ్రవరి

నాన్న నౌకాదళ గుర్తింపు పత్రం. బీరువాలో, అమ్మ చీటీల కింద. చిన్నప్పుడు వందసార్లు చూశాను. ఫొటో మాత్రమే చూశాను.

పేరు: జిదిన్ బిన్ ఉసోప్. వయసు: 18. పుట్టుమచ్చ: ఎడమ చెంప. ఎత్తు: అయిదడుగుల నాలుగు అంగుళాలు.

అయిదడుగుల నాలుగు.

అయిదడుగుల నాలుగు.

7 ఫిబ్రవరి

ఆఖరి పేరా కొత్త చిత్తు: «కారణం: కచ్చితంగా తెలియరాలేదు.»

ఇది అబద్ధం కాదు. తాడు అప్పటిదే అనడానికి రుజువు లేదు. గుర్తులు తర్వాత ఎవరైనా మార్చి ఉండవచ్చు. కెప్టెన్ తాడును సరిచూసి ఉండాల్సింది. కాంక్రీటు పోసినవాళ్లు మేకులు మళ్లీ కొట్టి ఉండాల్సింది. ఎత్తు, చేతుల కొలత అందరికీ ఒకటే అవదు. నాన్నకు తెలిసి ఉండదు. ఇప్పుడు తెలిసి ఏం లాభం. అరవై తొమ్మిదేళ్లు.

పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో కుర్ర విలేకరులు ఇలా రాసుకొచ్చిన ఎన్ని వార్తలు కొట్టేశానో.

కాగితం లాగి చించాను. మళ్లీ అదే టైపు చేశాను.

8 ఫిబ్రవరి

రేపు మా ఇంట్లో పోయిన పెద్దల పేర కెందురి విందు. ఉపవాస నెలకు ముందు ప్రతి ఇంటా పెట్టేదే. ఇమామ్ చదవడానికి పోయినవాళ్ల పేర్ల చీటీ ఇవ్వాలి. మా చీటీలో మా తాతముత్తాతల తర్వాత ఓడవాళ్ల పేర్లుంటాయి. నాన్న రాస్తాడు, నాకు పదేళ్లప్పటి నుంచీ నేను సాపు చేస్తాను.

ఓడవాళ్లు నలభై ముగ్గురు. మొదటి పేరు ఇద్రుస్ బిన్ మామత్. ముప్ఫై ఏళ్లుగా మొదటి పేరు అదే. జాలి అనుకునేదాన్ని. మంచితనం అని ఒకసారి వ్యాసంలో కూడా రాశాను.

“నాన్నా, మలిమ్ పేరు మొదటే ఎందుకు రాస్తావు?”

“మన ఇమామ్ సంగతి తెలీదా? మొదటి పేరు గట్టిగా చదువుతాడు. పోనుపోను అన్నం గుర్తొచ్చి పేర్లు తినేస్తాడు.”

నేను నవ్వలేదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“తాడు ఆరిందా?”

“ఆరింది.”

“కొలిచావా?”

“కొలిచాను.”

“రేపు చిక్గూని రమ్మను” అన్నాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని నమాజుకు వెళ్లాడు.

9 ఫిబ్రవరి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడు దాటింది. మగవాళ్లు ముందు గదిలో, ఆడవాళ్లం వంటింటి వెనక పందిరి కింద. చిక్గూ ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కింటి మక్ చిక్ టిమా కొబ్బరి కోరుతోంది. నేను చేపలకు పులుసు కలుపుతున్నాను. లోపల ఇమామ్ చీటీ చదవడం వినిపించింది. “ఇద్రుస్ బిన్ మామత్.” గట్టిగానే చదివాడు. చిక్గూ కత్తి ఆగి, మళ్లీ కదిలింది.

దువా అయ్యాక నాన్న పందిరి కిందకు వచ్చాడు. చేతిలో తాడు.

“మగాళ్లకిక్కడ ఏం పని పాక్ జిదిన్?” అంది టిమా. “ఇంకా ఉడకలేదు. ఆకలైతే తాడు నమలండి.”

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. రెండు తోలు ముక్కలున్న చోటు కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి బార్లా చాపి తాడు లాగాడు. మూడు తోలు ముక్కలు ఆయన వేలికొసకు అంగుళం అవతల ఆగాయి.

“అంగుళం వయసు తినేసింది” అన్నాడు. “అప్పుడు సరిగ్గా సరిపోయేది. చిక్గూ, నేవీ బార ఆరడుగులు. ఇది నా బార. అయిదడుగుల నాలుగు.”

చిక్గూ చూస్తోంది.

“పన్నెండో తారీకున సింగపూర్ రేవులో బాంబు పడి ముందుగది తగలబడింది. పాత తాడు పోయింది. మా పెద్ద, సెరాంగ్, కొత్త తాడిచ్చి సాయంత్రానికి గుర్తులు కట్టమన్నాడు. మేకుల మీద ఫిరంగి దిమ్మ ఉంది. నేను మా నాన్న పడవలో కొలిచినట్టే కొలిచా. తప్పని తెలీదు. ఆ తెల్లారుజామున మీ నాన్న పైనించి అడిగాడు, ‘ఎంతరా జిదిన్’ అని. ‘రెండు’ అన్నా. ‘ఖాయమేనా’ అన్నాడు. ‘ఖాయం మలిమ్’ అన్నా. అప్పుడే ఓడని పోనిమ్మన్నాడు. మీ నాన్న ఏ తప్పూ చెయ్యలేదు. నా మాట నమ్మాడు.”

టిమా చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉంది. పొయ్యి మీద పులుసు పొంగింది. ఎవరూ దించలేదు.

“ఎప్పుడు తెలిసింది?” అంది చిక్గూ. బళ్లో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది.

“యాభై ఒకటిలో. రేవులో కొత్తగా ఉద్యోగం. మొదటిరోజే ఆరడుగుల బద్ద ఇచ్చి తాడుకి గుర్తులు కట్టమన్నారు. ఇంటికొచ్చి దీన్ని గోడ మీంచి దించి కొలిచా.”

“అప్పుడెందుకు చెప్పలేదు?”

“బియా వాళ్లమ్మ నెలలు నిండి ఉంది. కాన్పయ్యాక చెబుదాం అనుకున్నా.”

“తర్వాత?”

“తర్వాత చెబుదాం అనుకున్నా.”

చిక్గూ కత్తి పక్కన పెట్టింది. కుండలో నీళ్లు ముంచి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

“మా అమ్మ యాభై ఎనిమిదిలో పోయింది పాక్ జిదిన్. ఆఖరి రోజుల్లో కూడా అడిగేది. ‘మీ నాన్న అలాంటివాడా’ అని నన్నడిగేది. ఎనిమిదేళ్లప్పుడు చూసిన మనిషి, నాకేం తెలుసు? ఏమో అన్నాను. మా అమ్మతో ఏమో అన్నాను.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఆమె జనాజా మోసింది మీరే.”

నాన్న తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెయ్యి దించడం మరిచిపోయాడు.

ఆమె వెళ్లిపోయింది. కెందురి అన్నం తినకుండా ఎవరూ వెళ్లరు. వెళ్లింది.

ఆ కాన్పులో పుట్టింది నేను.

10 ఫిబ్రవరి

ఆఖరి పేరా మళ్లీ రాశాను. నాన్నకు చదివి వినిపించాను. “లోతు చెప్పిన జిదిన్ బిన్ ఉసోప్, వయసు 19” దగ్గర ఆపాడు.

“వయసు తీసెయ్.”

“అది నిజమే కదా నాన్నా.”

“నిజమే. కానీ అది చదవగానే అయ్యో చిన్నపిల్లాడు అంటారు. తీసెయ్. ఆ పదిమంది మాట కూడా తీసెయ్.”

తీసేశాను. విలేకరిగా తప్పు చేశాను. కూతురిగా ఏం చేశానో తెలియదు. ఆయనతో ఇంకేమైనా మాట్లాడాలి. మాట్లాడలేదు. రాత్రికి నిన్నటి పులుసే వేడిచేసుకుని తిన్నాం.

11 ఫిబ్రవరి

పొద్దున్నే చిక్గూ వచ్చింది. పిలవలేదు. వరండాలోనే నిలబడి, రాసింది చూపించమంది. రాసింది చూడ్డానికి వచ్చిన రామ్లాన్ పోత పనివాడి దగ్గరికి బయల్దేరబోతూ ఆగాడు. నాన్న లోపలే ఉన్నాడు, కిటికీ తెరిచి ఉంది.

ఆమె చేతిలో ఎర్ర పెన్ను. అలవాటు.

“ఇక్కడ వయసేది?”

“నాన్న వద్దన్నాడు.”

“వయసు పెట్టు. పంతొమ్మిది. పిల్లాడు చేసింది పిల్లాడు చేసినట్టే రాయాలి.” మార్జిన్‌లో తనే రాసింది. “తాడు పట్టుకుని పదిమంది బతికారు, అది కూడా పెట్టు. జరిగింది కదా. ఇంక ఎన్నేళ్లు దాచాడో పెట్టు. అదీ జరిగిందే.”

“1951 నుంచి అని రాస్తాను.”

“ఏ తారీకు నుంచి?”

“తారీకు ఎలా తెలుస్తుంది చిక్గూ?”

“కాన్పయ్యాక చెబుదామనుకున్నాడుగా. కాన్పెప్పుడయింది?”

చిక్గూ పెన్ను నాకిచ్చింది. తారీకు రాశాను. నా పుట్టినరోజు అది.

రామ్లాన్ గొంతు సవరించుకున్నాడు. “చిక్గూ, పేరు చేరుస్తా. అచ్చు తయారైపోయింది, చివర్లోనే పడుతుంది మరి. ఇంకోటి... ముసుగు వేరేవాళ్లతో తీయిస్తాం.”

“ఎందుకు? పాక్ జిదినే తియ్యాలి. పేర్లన్నీ ఆయనే చదవాలి.” కిటికీ వైపు తిరిగింది. “చివరి పేరు తినెయ్యొద్దని చెప్పు.”

రామ్లాన్ ఆమె వెనకే మెట్ల దాకా వెళ్లాడు. “ఆ పాట సంగతి...” అన్నాడు.

“నాకింకా నోటికొచ్చు” అంది ఆమె. “వెళ్లు, పోతవాడు చూస్తుంటాడు.”

14 ఫిబ్రవరి

ఎండ. రెండు వందల కుర్చీలు. పొత్తం ముందే పంచారు. మొదటి పేరు చదవకముందే రెండు కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి. తాడు పట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు వెనక వరుసలో కూర్చున్నారు, నాన్న దగ్గరికి రాలేదు. ఎవరో “పదిమందిని కాపాడాడు కదా” అన్నారు. “మిగతావాళ్ల సంగతో?” అని ఇంకెవరో అన్నారు.

నాన్న ముసుగు లాగాడు. నలభై మూడు పేర్లు చదివాడు. చివరిది గట్టిగా చదివాడు. నది అవతలి పడవవాడు కూడా తలెత్తి చూశాడు.

చిక్గూ ముందు వరుసలో కూర్చుంది. నాన్న వైపు చూడలేదు. పలక వైపే చూసింది. అందరూ వెళ్లాక పెట్టెలోంచి తాడు తీయించి చేతిలోకి తీసుకుంది. రెండు తోలు ముక్కల దగ్గర నుంచి మూడింటి దాకా తన చేతులు చాపి కొలిచి, మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఎంత వచ్చిందో చెప్పలేదు.

అచ్చయిన పొత్తంలో ఆఖరి పేజీ చించి ఇక్కడ అతికిస్తున్నాను.

«14 ఫిబ్రవరి 1942, తెల్లవారుజాము 4.10. నీటిలోకి 11 అడుగులు దిగే ఓడ, 10 అడుగుల 8 అంగుళాల నీటిలో బెటింగ్ పారి ఇసుకదిబ్బ ఎక్కింది. కారణం: లోతు చూసే తాడు గుర్తులు బారకు 8 అంగుళాలు తక్కువ. గుర్తులు కట్టింది, లోతు చెప్పింది జిదిన్ బిన్ ఉసోప్, వయసు 19. మలిమ్ ఇద్రుస్ బిన్ మామత్ ఆ లోతు నమ్మి ఓడ నడిపించాడు. ఆయన తప్పు లేదు. ఉదయం 8.40కి విమానాలు వచ్చాయి. మృతులు 43. జిదిన్ బిన్ ఉసోప్ ఈదుకుంటూ తీసుకెళ్లిన అదే తాడు పట్టుకుని 10 మంది ఇసుక చేరారు. గుర్తులు తప్పని అతనికి 1951లో తెలిసింది. 19 అక్టోబరు 1951 తర్వాత చెప్పాలనుకున్నాడు. 9 ఫిబ్రవరి 1992న చెప్పాడు.»